నూటికి నూరు తెచ్చుకున్న పిల్ల

ఆ పిల్లకు నూటికి నూరు వచ్చాయన్న వార్తను నాకు మొదట మోసుకొచ్చింది ఆసుపత్రిలో మా విభాగం గుమ్మం దగ్గర స్టూలు వేసుకుని కూర్చునే వాచ్‌మన్ భాయ్. నేను అప్పుడే టిఫిన్ డబ్బా మూత తీసి, దేవుడికో దండం పెట్టుకుని, మొదటి ముద్ద కలుపుతున్నాను.

"బెన్, మీ తెలుగు పిల్ల ఏక్ దమ్ టాప్! సాహెబ్ స్వయంగా చెప్పారు. వాళ్ల బాప్ ఘారీ మిఠాయిలు కొనడానికి ఉరికాడు" అన్నాడు. గుజరాతీలో బెన్ అంటే అక్క. తర్వాత గొంతు తగ్గించి, "కానీ పిల్ల నానమ్మ, ఆ ముసలమ్మ, బెంచీ మీంచి లేవనంటోంది. రిపోర్టు తప్పట. జర మీరొచ్చి చెప్పండి" అన్నాడు.

నేను ముద్ద కిందపెట్టేశాను. తలకు దెబ్బ తగిలిన పిల్లలకు మేము పరీక్షలు పెట్టేవాళ్లం. జ్ఞాపకం ఎలా ఉంది, ధ్యాస ఎంతసేపు నిలుస్తోంది, దెబ్బకు ముందు వచ్చిన పనుల్లో ఏవి మిగిలాయి, ఇవన్నీ తెలుసుకునే పరీక్షలు. తక్కువ వచ్చాయని పోట్లాడిన తల్లిదండ్రులను చాలామందిని చూశాను. ఎక్కువ వచ్చాయని పోట్లాడిన మనిషిని అదే మొదటిసారి చూడటం.

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లల కోసం ఇది రాస్తున్నాను కాబట్టి నేను ఎవరో ముందు చెప్పాలి. నేను బడి మెట్లు ఎక్కినదాన్ని కాదు. మా నాన్న సూరత్ బట్టల మార్కెట్‌లో గుమస్తా. మేమున్న పేటలో తెలుగు బడి లేదు, నన్ను దూరం పంపడానికి అమ్మకు ధైర్యం లేదు. దాంతో నాన్నే రాత్రి భోజనాలయ్యాక ఇంట్లో చదువు చెప్పారు. చీరల కట్టలకు చుట్టి వచ్చిన తెలుగు పేపర్లే నా వాచకాలు. తర్వాత ఇంటి నుంచే పరీక్షలు కట్టాను. తెలుగు, హిందీ, గుజరాతీ మూడూ వచ్చని ఆసుపత్రిలో మొదట దారి చూపించే పనికి తీసుకున్నారు. కొన్నాళ్లకు, తెలుగు పిల్లలు వచ్చినప్పుడు ప్రశ్నలు చదవడానికి మనిషి కావాలని ఈ విభాగంలో వేశారు. నాన్న పెట్టిన అక్షర భిక్ష, దేవుడు చూపించిన కుర్చీ. పదవీ విరమణ రోజు వరకూ ఆ కుర్చీకి దండం పెట్టకుండా కూర్చోలేదు.

పరీక్షలు పెట్టే డాక్టరు గారు గుజరాతీ. అందరూ సాహెబ్ అనే పిలిచేవారు, నేనూ అంతే. ఆయనకు నియమమంటే ప్రాణం. "మన ముఖం గోడలా ఉండాలి బెన్. పిల్ల తప్పు చెప్పినా గోడే, ఒప్పు చెప్పినా గోడే" అని కొత్తగా వచ్చిన ప్రతివాళ్లకూ పాఠం చెప్పేవారు. నవ్వు వస్తే నాలుక కొరుక్కోమనేవారు. ఒకసారి ఒక పిల్లవాడు జవాబు చెప్పడానికి బదులు ఆయన పెన్ను నోట్లో పెట్టుకుని నమిలాడు. ఆయన ముఖం గోడలాగే ఉంది. ఆ పెన్ను ఇరవై ఏళ్ల కిందట ఆయనకు మామగారు ఇచ్చింది.

సాహెబ్‌కు తెలుగు రాదు. వచ్చిన తెలుగంతా మా పరీక్షలో మాటల జాబితాయే. గొడుగు, గంట, నిచ్చెన, చేప, అరటిపండు, ఇలా సాగుతుంది. వాటిని గుజరాతీ లిపిలో రాసుకుని, ఏళ్ల తరబడి వినీ వినీ బట్టీపట్టారు. తెలుగువాళ్లు ఎవరైనా వస్తే ఆప్యాయంగా పలకరించాలని ఆయనకు ఉబలాటం. "నమస్తే, గొడుగు" అనేవారు. వాళ్లు వాన వస్తోందేమోనని కిటికీ వైపు చూసేవారు.

ఆ పరీక్ష పద్ధతి ఇదీ. నేను మాటలు ఒక్కొక్కటే చదువుతాను. పిల్ల గుర్తున్నవి తిరిగి చెప్పాలి. కాసేపు బొమ్మలవీ గళ్లవీ వేరే పనులు చేయించి, మళ్లీ అడుగుతాం. ఎవరూ ఏమీ అందించకూడదు. నేనూ సాహెబ్ బల్లకు ఇటు పక్కపక్కన కూర్చుంటాం, పిల్ల అటువైపు. సాహెబ్ జాబితా మీద టిక్కులు పెడతారు. నా చదవడం అయిపోగానే నాకు పని ఉండదు కాబట్టి, ఆ పిల్ల కోసం మనసులో నామం చెప్పుకుంటూ కూర్చునేదాన్ని.

ఇక ఆ పిల్ల. మూడో తరగతి. సూరత్ శివారు ఉన్‌లో సాంచాల కార్ఖానా పైన ఒక గదిలో కాపురం. సాంచాలంటే కరెంటుతో నడిచే మగ్గాలు. తండ్రి కింద వాటిని నడుపుతాడు. నానమ్మ, పిల్ల పిలుపులో బాపమ్మ, చేతులు వణకడం మొదలయ్యేదాకా అక్కడే కండెలు చుట్టింది. ఒక ఆదివారం తండ్రి పిల్లను స్కూటర్ మీద డుమస్ తీసుకెళ్లాడు, సముద్రం చూపించి టమాటా భజియాలు తినిపిస్తానని. మలుపు దగ్గర ఇసుక మీద బండి జారింది. తండ్రికి మోచేయి గీసుకుపోయింది, పిల్ల తల డివైడర్‌కు కొట్టుకుంది. చాలా రోజులు ఆసుపత్రిలో ఉండి, దేవుడి దయవల్ల లేచి తిరిగింది. తండ్రి మాత్రం ఆ తర్వాత భజియా పేరు ఎవరన్నా ముఖం తిప్పుకునేవాడు.

పిల్ల చదివేది హిందీ మీడియం ప్రైవేటు బడి. దెబ్బ తర్వాత చదువులో వెనకబడింది. పిల్ల బాగుందని ఆసుపత్రి కాగితం తెస్తేనే తన తరగతిలో ఉంచుతాననీ, లేకపోతే వేరే బడి చూసుకోమనీ పెద్ద మేడమ్ చెప్పేసింది. తండ్రికి అదే భయం. పరీక్ష ముందు నాతో, "అక్కా, పిల్ల పాసు కావాలె. ఆమె దోస్తులంత ఆ క్లాసులనే ఉన్నరు. బడి గూడ పాయె అంటె నా మొఖం నేనే జూసుకోలేను" అన్నాడు. ఇది పాసు, ఫెయిలు పరీక్ష కాదని చెప్పాను. "గట్లనే అంటరు అందరు" అన్నాడు.

పిల్ల పాసే కాదు, ఒక్క మాట కూడా వదల్లేదు. వెంటనే అడిగినా చెప్పింది, ఆలస్యంగా అడిగినా చెప్పింది. మధ్యలో ఆగేది, తల ఎత్తి మా వైపు చూసేది, చెప్పేసేది. సాహెబ్ గోడ ముఖం కింద సంతోషం దాచుకోలేక దగ్గారు.

నేను బెంచీ దగ్గరకు వెళ్లేసరికి తండ్రి ఘారీల డబ్బా తెరిచి వార్డు బాయ్‌ల దగ్గర నుంచి పక్క రోగుల దాకా పంచుతున్నాడు. ఘారీ అంటే మా సూరత్ మిఠాయి. నెయ్యి ఎంత దట్టంగా ఉంటుందంటే తిన్న చేత్తో తలుపు తీస్తే గడియ జారుతుంది. ముసలమ్మ చేతిలో కూడా ఒకటి పెట్టాడు. ఆమె దాన్ని కాగితంలో చుట్టి సంచిలో వేసుకుంది.

"తినవే అవ్వా! నీ మన్మరాలు ఫస్టు అచ్చింది."

"పిల్ల సంగతి తేలినంక తింట."

"ఇంకేం తేలాలె? డాక్టర్ సాబే చెప్పిండు."

"ఆయన గదిల గంటసేపు జూసిండు. నేను ఇంట్ల రోజంత జూస్తున్న." నా వైపు తిరిగింది. "నువ్వన్న ఇను బిడ్డా. కొత్తిమీర తెమ్మని పంపితె ఉత్త చేతులతోటి అచ్చి కూసుంటది. పలక ముందర వెట్టుకొని గోడకు జూస్తది. నేను ఎదురుంగ కూసుంటె అన్ని యాదికుంటయి. నేను జర మొఖం తిప్పిన్నా, ఖతం."

కొడుకు నవ్వాడు. "ఇన్నవా అక్కా? ఈమె మొఖంల దవా ఉన్నదట!"

"ఉన్నది మరి. నీకు మూడేండ్లు అచ్చేదాక నా మొఖం జూడంది బుక్క మింగకపోతివి."

వాచ్‌మన్ భాయ్‌కు తెలుగు రాకపోయినా నవ్వాడు. నేనూ నవ్వాను. మనవరాలి మీద ప్రేమతో తనకు తాను కాస్త పెద్దపీట వేసుకుంటోందని అనుకున్నాం అందరం. సాహెబ్‌కు చెబితే, "బెన్, అంకెలు అబద్ధం చెప్పవు. ఆవిడ బెంగ పడుతోంది, పాపం" అన్నారు. అయితే చేతిపనులవీ బొమ్మలవీ పరీక్షలు ఎలాగూ మిగిలి ఉన్నాయి కాబట్టి మర్నాడు రమ్మన్నారు. ముసలమ్మ అప్పుడు లేచింది. లేస్తూ బెంచీని తుడిచి మరీ వెళ్లింది, రేపు మళ్లీ కూర్చోవాలి కదా అన్నట్టు.

మర్నాడు పిల్ల చెక్కముక్కలు పేర్చడం ముగించింది. సాహెబ్ ఫోను వస్తే బయటకు వెళ్లారు. నేను యథాప్రకారం నామం చెప్పుకుంటున్నాను. పిల్ల గడ్డం కింద చేతులు పెట్టుకుని నన్నే చూస్తోంది.

"ఆంటీ, నేనొక మాట అడగాల్నా?"

"అడుగు తల్లీ."

"మీరు ఒక్క దేవుని పేరే గన్నిసార్లెందుకంటున్నరు? ఆయనకు చెవుడా?"

నా నామం మధ్యలోనే ఆగిపోయింది. నేను పైకి అనలేదు. నలభై ఏళ్లుగా నామం చెప్పుకుంటున్నాను, పక్కన పడుకునే మా వారికి కూడా ఏ దేవుడో తెలియదు.

"నీకెట్లా తెలిసిందే?"

"మూతి జూస్తె తెలుస్తలేదా? నిన్న గూడ అన్నరు. మీరు దేవుణ్ణంటుంటె సార్ మాటలంటుండె."

"ఏం మాటలు?"

"గవే. గొడుగు, గంట. నేను మర్శిపోంగనే సార్ అంటుండె గద."

నేను లేచి తలుపుకున్న అద్దంలోంచి చూశాను. సాహెబ్ వరండా చివర ఫోన్‌లో మాట్లాడుతున్నారు. ఒక్క అక్షరం వినిపించడం లేదు. పిల్లను పక్కన నిలబెట్టుకుని, "ఏమంటున్నారు?" అన్నాను.

పిల్ల కళ్లు చిన్నవి చేసుకుని గుజరాతీలోనే చెప్పింది. "నిన్న కూడా సొరకాయే... నేను ఏమీ అనలేదు... సరే, బాగుంది... బాగుందన్నాను కదా."

సాహెబ్ లోపలికి రాగానే, "ఇంట్లో ఇవాళ కూడా సొరకాయేనా సాహెబ్?" అన్నాను. ఆ రోజు మొదటిసారి గోడ బీటలు వారడం చూశాను.

సంగతి చెప్పాక ఆయన కుర్చీలో కూలబడ్డారు. ఆయనకు తెలుగు రాదు కాబట్టి, పిల్ల ఏ మాట చెప్పిందో పోల్చుకోవడానికి జాబితాను లోలోపల చదువుకునేవారు. పిల్ల ఆగిపోతే, టిక్కు పడని మాట దగ్గర ఆయన వేలు ఆగేది, పెదవులు ఆ మాటను నెమరువేసేవి. ఆయనకది తెలియదు. పక్కన కూర్చునే నాకు కనిపించేది ఆయన చెవి ఒక్కటే.

"నా ముఖం గోడ కాదా బెన్?" అన్నారు, ఎంతో దీనంగా.

"గోడే సాహెబ్. కిటికీ తెరిచి ఉంది, అంతే."

బయటకు వెళ్లి, పిల్లకు పెదవులు చూసి మాట పట్టడం ఎలా వచ్చిందని ముసలమ్మను అడిగాను. ఆమె నన్ను వింతగా చూసింది, నేను అన్నం ఎలా తింటారని అడిగినట్టు. "సాంచాలు నడుస్తుంటె ఒర్లినా ఇనవడదు బిడ్డా. మూతి జూసుకుంటనే మాట్లాడుకుంటం. అత్తాకోడండ్లం తిట్టుకునుడు గూడ గట్లనే. ఈ పిల్ల తొట్టెల ఉన్నప్పటి సంది గంతే." ఆమెకు ఇంకో అలవాటు కూడా ఉందని అక్కడే గమనించాను. పిల్ల ఏదైనా పనిలో తడబడితే, పైకి అనకుండానే పెదవులతో అందించేస్తుంది. ఆమె ముఖంలో మందు ఉన్నమాట నిజమే. ఆ మందు ఏమిటో ఆమెకూ తెలియదు, అంతే.

అసలైన రోజు ఆ తర్వాత వచ్చింది. సాహెబ్ కొత్త మాటల జాబితా తీశారు. కరోనా కాలం నాటి మాస్కులు తెప్పించి ఆయనొకటి కట్టుకుని నాకొకటి ఇచ్చారు. నేను మాస్కు వెనక నిశ్చింతగా నామం చెప్పుకున్నాను, కానీ ఆ రోజు దేవుడికి నిజంగానే చెవుడు వచ్చిందేమో అనిపించింది. పిల్ల మొదటి రెండు మాటలు చెప్పింది. ఆగింది. మా ముఖాలకేసి చూసింది. ముక్కు మీది దాకా నీలం గుడ్డ. సాహెబ్ కళ్లలోకి చూసింది, నా కళ్లలోకి చూసింది. "ఇంకేం లెవ్వు" అంది చిన్నగా.

బొమ్మల పని చేయించి మళ్లీ అడిగితే ఆ రెండూ కూడా పోయాయి.

సాహెబ్ మాస్కు కిందికి లాగి నిట్టూర్చారు. అప్పుడు ఆయనకు ఏం తోచిందో, నియమం ప్రకారం అడగాల్సినవన్నీ అడిగేశాక, ఒక్కొక్క మాటకూ మొదటి అక్షరం మాత్రం పెదవులతో చూపించమని నాతో అన్నారు. గొంతు లేకుండా. నేనూ మాస్కు దించి చూపించాను. పిల్ల ముఖం వెలిగింది. ఒకదాని తర్వాత ఒకటి, దాదాపు అన్నీ చెప్పేసింది.

"బెన్," అన్నారు సాహెబ్, "మాటలు పోలేదు. లోపలే ఉన్నాయి. తలుపు తీయడం పిల్లకు రావడం లేదు, ఎవరైనా కాస్త తోస్తే వచ్చేస్తున్నాయి." ఆయన లేచి గదిలో అటూ ఇటూ తిరిగారు. అంత సంతోషంలోనూ, వాళ్ల అంకెలూ ఇలాగే తప్పాయేమోనని, సాంచాల ఇళ్ల నుంచి వచ్చిన పాత పిల్లలందరినీ మళ్లీ పిలవాలని నాకు పురమాయించారు. పిలిచాం కూడా. వాళ్లలో చాలామంది బల్లకేసి తల వంచుకుని జవాబులు చెప్పే బిడియస్థులే కావడం మా అదృష్టం.

తండ్రికి మాత్రం మతిపోయింది. "పాసైన పిల్లను పట్టుకొచ్చి ఫెయిల్ జేస్తరా? ఘారీలు గూడ పంచితి! ఇగ బడోళ్లకు ఏం జెప్పాలె?"

"నిజం జెప్పాలె" అంది ముసలమ్మ.

"నిజం జెప్తె ఎల్లగొడ్తరే అవ్వా!"

"జెప్పకపోతె ఉంచుకొని కొడ్తరు. సోంబేరి అంటరు. గది మంచిదా?"

సాహెబ్ నన్నడిగి ఆమె మాటలు తెలుసుకుని, బడికి తాను కూడా వస్తానన్నారు. ఆయన ఎవరి బడికీ వెళ్లగా నేను చూడలేదు.

పెద్ద మేడమ్ గదిలో మేమంతా వరుసగా కూర్చున్నాం. సాహెబ్ హిందీలో విడమరిచి చెప్పారు. పిల్లకు చదివింది తలలో నిలుస్తుంది, పైకి తీయడానికి చిన్న ఆసరా కావాలి, పంతులమ్మ బోర్డు వైపు తిరిగి కాకుండా పిల్ల వైపు తిరిగి మాట్లాడాలి, పరీక్షలో ఆగిపోతే మొదటి మాట అందించాలి. మేడమ్ కళ్లజోడు సర్దుకుంది.

"అందిస్తే ఎవరైనా చెబుతారు డాక్టర్ సాబ్" అంటూ పిల్ల వైపు తిరిగింది. "నిన్న సైన్సులో ఏం చెప్పారు బేటీ?"

పిల్ల మేడమ్‌ను చూసింది, ఫ్యానును చూసింది. తండ్రి కుర్చీ చేతులు పట్టుకుని కళ్లు మూసుకున్నాడు. నాకు తెలియకుండానే నామం మొదలైంది. కంగారులో సాహెబ్ పెదవులు కూడా కదిలాయి, కానీ పాఠం ఏమిటో ఆయనకేం తెలుసు? ఆయనకు తెలిసిన తెలుగు ఆయన అన్నారు.

పిల్ల మా వరుసను ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసి పకపకా నవ్వింది.

"మేడమ్, సార్ గొడుగు అంటున్నారు! ఆంటీ దేవుణ్ణి పిలుస్తోంది! బాపమ్మ ఒక్కతే సరిగ్గా ఆవిరి అంటోంది!" అని హిందీలో అరిచి, ఆ ఊపులోనే సముద్రం మీద ఎండ పడటం, నీళ్లు ఆవిరై పైకి పోవడం, మబ్బులు చల్లబడి వాన కురవడం, ఆ వాన తాపీ నదిలో కలిసి మళ్లీ సముద్రానికి చేరడం దాకా ఆగకుండా చెప్పేసింది. డుమస్ సముద్రమేనని చివర్లో తన మాట కూడా కలిపింది.

"ఇది కాపీ కొట్టించడం!" అంది మేడమ్.

"ఒక్క మాట అందించాం మేడమ్" అన్నారు సాహెబ్. "మిగతా పాఠమంతా ఎవరు అందించారు?"

మేడమ్ పిల్లను చూసింది. ఆ తర్వాత ముసలమ్మను చూసింది. "ఈవిడకు సైన్సు ఎలా తెలుసు?"

నేను తెలుగులో అడిగాను. "పిల్ల గట్టిగ సదువుతది గద, ఎదురుంగ కూసుంట. నాకు గూడ అచ్చేసింది" అంది ముసలమ్మ.

మేడమ్ నవ్వేసింది. పిల్ల తన తరగతిలోనే ఉంటుందనీ, పంతులమ్మతో తాను మాట్లాడతాననీ చెప్పింది. అప్పుడు తండ్రి ఏడ్చాడు. ముసలమ్మ ఏడవలేదు. సంచిలో చెయ్యి పెట్టి, కాగితంలో చుట్టిన ఆ ఘారీని తీసింది. నెయ్యి కాగితమంతా, సంచంతా పాకింది. దాన్ని చిన్న చిన్న ముక్కలు చేసి, ముందు పెద్ద మేడమ్‌కు, ఆ తర్వాత సాహెబ్‌కు, నాకు, కొడుక్కు, పిల్లకు పెట్టి, చివరి ముక్క తాను తింది. కాస్త వాసన వస్తోంది. నేను కళ్లకు అద్దుకుని తిన్నాను. సాహెబ్ ముఖం మాత్రం, ఆ ఒక్కసారి, నిజంగా గోడలా ఉంది.

పిల్లకు అన్నీ ఒక్కసారిగా బాగుపడలేదు. మెల్లమెల్లగా అందించే మాట అక్షరమైంది, అక్షరం పోయి చూపు సరిపోయింది. కొన్ని ఇప్పటికీ తడుముకుంటుందని విన్నాను. అది మనమందరం చేసే పనే. సాహెబ్ ఆ నెలలోనే పెదవులు కప్పేంత మీసం పెంచారు. అది ఆయనకు నప్పలేదు, ఇంట్లో ఆవిడ ఎంత పోరినా తీయలేదు. నేను ఇప్పుడు నామం నోరు గట్టిగా మూసుకునే చెప్పుకుంటున్నాను. దేవుడికి వినిపిస్తూనే ఉంది, నాకు అనుమానం లేదు.

ఈ పనిలోకి వచ్చే పిల్లలూ, మీకు ఇంకా మంచి పరీక్షలు వస్తాయి, మా కంటే మీరు బాగా చేస్తారు. నేను కోరేది ఒక్కటే. ఎప్పుడైనా మీ బల్ల మీద అంకెలన్నీ చక్కగా కుదిరి, బయట ఎవరో మిఠాయి పంచుతుంటే, తన వంతు కాగితంలో చుట్టుకుని బెంచీ మీద కూర్చున్న మనిషి ఉన్నారేమో ఒకసారి తలుపు తీసి చూడండి. చూసినప్పుడు, ఉన్‌లో సాంచాల మీద గదిలో ఉండే ఆ ముసలమ్మను తలుచుకోండి.